రొయ్య పేగులో కలుపు



మడి దున్ని బురదగా వదిలేస్తే ముందుగా మొలిచేది తుంగే గదా! రొయ్య పేగులోనూ ఇంచుమించు అదే తంతు.

ఆరోగ్యంగా ఉన్న రొయ్య పేగులో అనేక జాతుల సూక్ష్మజీవులు కాపురముంటాయి. కొన్ని మేత అరగడానికి తోడ్పడతాయి. మరికొన్ని చోటంతా తామే ఆక్రమించి, చెడ్డవాటిని పెరగనివ్వవు. విబ్రియో అనే బాక్టీరియా కూడా ఈ గుంపులో కొద్దిగా ఉండేదే. ఉప్పునీటిలో దాన్ని బొత్తిగా లేకుండా చేయడం మన తరం కాదు. అదుపు తప్పకుండా చూసుకోవడమే మన పని.

అదుపు తప్పితే ఏమవుతుంది? 2009లో చైనాలో ఒక తెగులు బయటపడి వియత్నాం, మలేషియా, థాయిలాండు దేశాలకు పాకింది. పిల్ల వేసిన 35 రోజులలోపే చెరువులకు చెరువులు తుడిచిపెట్టుకుపోయినవి. 2013లో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు దోషిని పట్టుకున్నారు. అది విబ్రియో పారాహీమోలిటికస్‌లో విషం చేసే రకం. రొయ్య పొట్టలో తిష్ఠ వేసి విషం వదులుతుంది. ఆ విషానికి తలభాగంలోని జీర్ణగ్రంథి, అంటే మీరు లివరు అనేది, లోపలి కణాలు ఊడి రాలిపోతాయి. రాలిన కణాలే తక్కిన విబ్రియోలకు విందు. నానాజాతులున్న పేగు అంతటితో ఒకటి రెండు జాతుల పాలవుతుంది.

అట్లాగని యాంటీబయాటిక్ మందుల జోలికి పోకండి. మందుకు మంచీ చెడ్డా తెలియదు. మేలుచేసేవీ చస్తాయి; ఖాళీ అయిన చోట త్వరగా పెరిగేది మళ్లీ విబ్రియోయే. పైగా క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు మన దేశంలో రొయ్యల సాగుకు నిషిద్ధం. వాటి అవశేషం తేలితే ఎగుమతి సరుకు తిరిగి వస్తుంది. బ్లీచింగు చల్లి, నీటికి రంగు రాకముందే పిల్ల వదలడమూ ఇటువంటి పొరపాటే.

మరి చేయవలసిందేమిటి? పరీక్ష చేయించిన పిల్లనే తెచ్చుకోండి. చెక్ ట్రే చూసి మేత వేయండి. మిగిలిన మేత అడుగున కుళ్లి విబ్రియోను పెంచుతుంది. నల్లమట్టి చేరకుండా చూసుకోండి. ఏరేటర్లు ఆగనివ్వకండి. ప్రోబయోటిక్‌లు ముందునుంచి వాడితే కొంత ఆసరా. రాలిపోయిన లివరును అవి తిరిగి అతికించలేవు.

ట్రే ఎత్తినప్పుడల్లా నాలుగు రొయ్యలను వెలుతురుకు పట్టి చూడండి. పేగు తోకదాకా దారంలా నిండుగా ఉండాలి. పేగు తెగతెగలుగా కనిపించినా, లివరు పాలిపోయి కుంచించుకుపోయినా, నీటిపై తెల్లటి రెట్ట తేలినా ఆలస్యం చేయకండి. వెంటనే మేత తగ్గించి, రొయ్యలను ప్రయోగశాలకు పంపండి. ఇ.హెచ్.పి. అనే పరాన్నజీవి వల్ల కూడా తెల్లరెట్ట వస్తుంది గనుక, కంటితో చూసి ఫలానా రోగమని తేల్చరాదు.

గ్రామాలలో తిరిగే విస్తరణ కార్యకర్తలకు ఒక మాట. పరీక్షకు బతికున్న రొయ్యలనే పట్టించండి. చచ్చి కుళ్లినదానిలో అన్ని రకాల బాక్టీరియా చేరి, అసలు దొంగ ఎవరో తేలకుండా పోతుంది.