తంత్రి లేని తంబుర



మా యూరి భజనమందిరమున ఒక పాత తంబుర కలదు. అనంతపురపు మెట్టసీమలో వాన తక్కువ, గాలి పొడి. ఆ యెండకు దాని బుర్ర బీటవాఱినది. దానిని మీటు పెద్దాయన కొడుకులు కఱవునాళ్ల పని వెదకికొనుచు బెంగుళూరు చేరిరి. నిరుడు శ్రావణమాసమున పిల్లవాండ్రు చందా వేసికొని యొక కీబోర్డు తెచ్చిరి. ఒక మీట నొక్కగా తంబుర మ్రోగినది. వేఱొకటి నొక్కగా వీణ, వేణువు. పెద్దాయన నన్ను చూచి, "అయ్యవారూ, దీనిలో తంత్రి లేదు, బుర్ర లేదు, ఈ నాద మెక్కడిది?" అని యడిగినాడు. "ఎవరో వాయించినదానిని పట్టి పెట్టెలో దాచినారు" అని నేను తొందరపడి చెప్పితిని. తరువాత విచారింపగా నా మాట సగమే సత్యమని తెలిసినది. తక్కిన సగము చెప్పుట నా విధి.

శబ్దము వ్యాపించు తీరును మన తార్కికులు వీచీతరంగన్యాయముచే చెప్పుదురు. చెఱువులో ఱాయి వేయగా అలవెంట అల లేచినట్లు, తంత్రి కదలగా గాలిలో అలలు పుట్టి చెవిని చేరును. ఆ యల యెత్తుపల్లములను క్షణక్షణము కొలిచి అంకెలుగా వ్రాసినచో కరణము చిట్టావంటి పట్టిక యగును. 1982లో వెలువడిన కాంపాక్టు డిస్కులో సెకనునకు 44,100 కొలతలు. ఆ యంకెలను మరల విద్యుత్తుగా మార్చి స్పీకరునకు పంపగా దాని పొర అట్లే ముందువెనుకలకాడి నాదమును పుట్టించును. కావున పెట్టెలో నుండునది నాదము కాదు, అంకెలు. ఆ యంకెలు వచ్చు దారులే వేఱువేఱు.

మొదటిది నేను చెప్పినదే: నిజమైన వాద్యమును వాయించి, కొలిచి, దాచుట. దీనిని శాంప్లింగు అందురు. స్వరమునకొక పట్టిక దాచుట కష్టము గనుక తఱచుగా ఒకదానినే త్వరగా చదివి హెచ్చుస్వరముగను, మెల్లగా చదివి తగ్గుస్వరముగను వాడుదురు. మిక్కిలి దూరము లాగినచో పెద్దవాని గొంతు పసివాని గొంతైనట్లు వికృతమగును.

రెండవది కూర్చుట. శ్రుతి చేరిన తంబురలో మంద్రషడ్జమును మీటి చెవి యొగ్గుడు. ఎవరును మీటని అంతరగాంధారము వినవచ్చును. షడ్జపు కంపనములకు రెండింతలు, మూడింతలు, నాలుగింతలు, అయిదింతలుగా నుండు స్వయంభూస్వరములు ఒకే తంత్రిలో కలవు. అయిదవదే యా గాంధారము. వీని పాళ్లలోని తేడాయే వీణకును వేణువునకును గల భేదమున ముఖ్యభాగము. బాల్యమున విశాఖపట్టణమున చదివిన సి.వి. రామన్ గారు, తంబుర వీణలలో తంత్రుల నానించు గుఱ్ఱపు వంపు ఈ స్వరముల నెట్లు పెంపొందించునో 1921లోనే వివరించిరి. యంత్రము సరళమైన అలలను తగుపాళ్లలో కూడి నాదమును చేయును.

మూడవది తీసివేయుట. స్వయంభూస్వరములు దట్టముగా నున్న మోటునాదమును పుట్టించి, వలసినవి నిలిపి తక్కినవానిని జల్లెడ పట్టుదురు. మన నోరును అట్టిదే. కంఠమునుండి వచ్చు ధ్వని యొక్కటే. నోరు తెఱచిన అకారము, పెదవులు గుండ్రము చేసిన ఉకారము.

నాలుగవది గమకమువంటిది. స్వరమును మెల్లగా ఊపినచో కంపితము వినవచ్చును. ఆ యూపు సెకనునకు వందలసార్లైనచో చెవి దానిని ఊపుగా పట్టలేదు. నాదపు వన్నెయే మాఱి గంటవలె పలుకును. దీనిని అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున జాన్ చౌనింగ్ 1967లో కనుగొనెను. 1983లో వచ్చిన యమహా డి.ఎక్స్. 7 అను వాద్యము ఈ దారినే నడిచి లోకమంతట వ్యాపించినది.

అయిదవది నాకు మిక్కిలి నచ్చినది. 1983లో కార్ప్లస్, స్ట్రాంగు అను నిరువురు ప్రకటించిరి. అడ్డదిడ్డమైన అంకెల వరుసను చుట్టు త్రిప్పుచు, ప్రతి చుట్టునను ఒక్కొక్క యంకెను ప్రక్కదానితో కూడి సగము చేయుదురు. దుక్కిమీద గుంటక తోలినకొలది పెళ్లలు నలిగి నేల చదునగునట్లు, కఱకైన స్వరములు మొదట అణగి, మృదునాదము నిలిచి, అదియు మెల్లగా శమించును. మీటిన తంత్రి చేయునదియు నిదియే. వరుస పొట్టిదైన స్వరము హెచ్చు, పొడుగైన తగ్గు. ఇందు దాచిన వాద్య మేదియు లేదు. తంత్రి స్వభావమే లెక్కగా నున్నది.

అట్లైన మా తంబురకు పని తీఱినదా? తీఱలేదు. బెంగుళూరున జి. రాజ్ నారాయణ్ గారు 1979లో ఎలక్ట్రానిక్ తంబురను రూపొందించిరి. మీటువారు లేనిచోట అట్టిది ఉపకారమే. కాని సాధారణపు కీబోర్డు స్థాయిని పండ్రెండు సమభాగములుగా పంచును గనుక, దాని అంతరగాంధారము తంత్రి తానై పలుకు గాంధారముకంటె రవంత హెచ్చు. రెండింటిని కలిపి వినిన చెవికి ఆ యొరపిడి తెలియును. అంతకంటె పెద్దమాట యొకటి: యంత్రము అలయదు, కాని వినదు. శ్రుతి జాఱినదని తెలిసి బిరడ త్రిప్పువాడు మనుష్యుడే.

ఇదంతయు పెద్దాయనకు చెప్పి నా తప్పు ఒప్పుకొంటిని. ఆయన నవ్వి, "అయితే వినువాడొకడు కావలె గదా" అనెను. తంబుర బీటను అతికించితిమి. ఇప్పుడు శనివారపు భజనలో కీబోర్డు మ్రోగుచున్నది. దానికి ముందు ఇద్దరు పిల్లలు ఆయన ప్రక్కన కూర్చుండి తంబుర శ్రుతి చేయుట నేర్చుచున్నారు. మీ మందిరములలోను పాత తంబుర గోడకు వ్రేలాడుచున్నచో, ఈ వారమే దింపి చూడుడు.