బొమ్మ యెవరిది? కూలి యెవరికి?

పటాన్‌చెరు నుండి కిష్టారెడ్డిపేటకు పోవు త్రోవలో నేడు పంటచేలకంటె ప్రకటన ఫలకములే హెచ్చు. ప్లాట్లు అమ్మువారు, విల్లాలు కట్టువారు, బడులు నడుపువారు, దంతవైద్యులు, అందరికిని ఫలకము కావలయును. ఫలకమున బొమ్మ కావలయును. ఈ నడుమ మేము ఆ దారిని పోవుచు ఒక పెద్ద ఫలకము కడ నిలిచితిమి. పూదోటలో కూర్చున్న యొక కుటుంబము బొమ్మ అది. ముఖములు కళకళలాడుచున్నవి. అవ్వ చేతికి మాత్రము ఆరు వ్రేళ్లున్నవి. వెనుక కనబడు మేడ యింకను కట్టబడలేదు. ఆ కుటుంబము ఈ భూమిమీద నెన్నడును పుట్టలేదు. ఆ బొమ్మను గీసిన చేయియు లేదు. కృత్రిమ మేధ యను యంత్రమునకు నాలుగు మాటలు చెప్పగా అది నిమిషములో వండి వడ్డించినది.

ఆరవ వ్రేలిని చూచి నవ్వుకొని సాగిపోవుట సులభము. కాని అట్టి దోషములు కొత్త యంత్రములలో చాలవరకు తొలగుచున్నవి. రేపటి ఫలకమున అవ్వకు అయిదు వ్రేళ్లే యుండును. అప్పుడును మా ప్రశ్న అట్లే నిలిచియుండును: ఈ పని యింతకుముందు ఎవరు చేయుచుండిరి? వారిప్పుడేమి చేయుచున్నారు?

పటాన్‌చెరులో ఒకనాడు ఫలకములు వ్రాసిన యొక వృద్ధుని కలిసికొంటిమి. కర్మాగారముల గోడలమీది అక్షరములు, ఎన్నికల గుర్తులు, సినిమాహాలు ముందరి నిలువెత్తు నాయకులు, అన్నియు ఆయన కుంచె నుండి దిగినవే. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఫ్లెక్సీ వచ్చి ఆ జీవనమును కొట్టివేసినది. ఇప్పుడు ఆయన లారీల వెనుక పేర్లు, అంకెలు, తామరపూలు వ్రాయుచున్నాడు. ఆయన కుమారుడు కాలమునకు తగినట్లు కంప్యూటరు నేర్చి, ఫ్లెక్సీ అంగడిలో కూర్పు పనికి కుదిరెను. అతనికి పని తగ్గుచున్నదట. గిరాకీదారుడు తన ఫోనులోనే బొమ్మ చేయించి తెచ్చి, అచ్చువేసి యిమ్మనుచున్నాడు. తండ్రి కుంచె నొక యంత్రము తినగా, కొడుకు చేతిలోని యంత్రమును మరియొక యంత్రము తినుచున్నది.

ఇది చిల్లర పని, దీనివలన కళకేమి నష్టము అనువారుందురు. వారికి మా మనవి యొకటి. ఎం.ఎఫ్. హుస్సేను బొంబాయి వీథులలో సినిమా ఫలకములు వ్రాసి పొట్ట పోసికొన్నవాడే. గళ్లు గీసి చిన్న బొమ్మను పెద్దది చేయుట, రంగులు కలుపుట, దూరమునుండి చూచువానికి ముఖమెట్లు కనబడునో యెరుగుట, ఇవన్నియు కూలి దొరకు పనులలోనే పట్టుబడును. పదునారేండ్ల పిల్లవానికి ఎవడును మహాచిత్రము వ్రాయుమని ధనమీయడు; అంగడి పలక వ్రాయుమనియే యిచ్చును. ఆ పలకయే లేకున్నచో పిల్లవాడెక్కడ నేర్చును?

యంత్రమును ద్వేషించుట మా యభిమతము కాదు. రవివర్మ 1894లో శిలాముద్రణాలయము పెట్టి లక్ష్మీ సరస్వతుల పటములను ఇంటింటికి పంపినప్పుడు ఊరి చిత్రకారులు కొందరు నష్టపడియుందురు. కాని ఆ పటము రవివర్మది, పేరును ఆయనదే. నేటి యంత్రము దారి వేరు. అది కోట్లకొలది బొమ్మలను, వాని క్రింది వివరణలను చూచి, ఏ మాటకు ఏ రూపమో, ఏ రంగు ప్రక్కన ఏ రంగో నేర్చుకొనును. ఇందులకై వాడబడిన లయాన్ అను నొక్క సంచయముననే 2022 నాటికి 585 కోట్ల బొమ్మల జాడలుండెను. వానిని గీసినవారి నెవ్వరును అడుగలేదు. 2023 జనవరిలో అమెరికాలో ముగ్గురు చిత్రకారులు ఈ విషయమై న్యాయస్థానము నెక్కిరి. 2025 మార్చిలో జపానుదేశపు జిబ్లీ చిత్రశాల పోకడలో తమ ఛాయాచిత్రములను మార్చుకొనని వారు మన హైదరాబాదులో అరుదైరి. ఆ పోకడను దశాబ్దముల తరబడి చేతితో సాధించిన వారికి అందులో ఏమి ముట్టినదని వారిలో నెందరడిగిరి?

మన యింటి సంగతి చూతము. సిద్దిపేట జిల్లాలోని చేర్యాలలో నకాషీల కుటుంబములు కొలదిగా మిగిలియున్నవి. ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమన్ను పట్టించి, ఎఱ్ఱని నేలపై మార్కండేయ పురాణమో, మడేలు పురాణమో వరుసగా వ్రాయుట వారి వృత్తి. ఆ పటమును విప్పి కథ చెప్పువారు వేరు, వినువారు వేరు. పద్మశాలీల కథ పద్మశాలీలది, రజకుల కథ రజకులది. ఏ దేవతకు ఏ వన్నె, ఎవరి వెనుక ఎవరు నిలువవలయునో ఆ కులపెద్దలకు తెలియును; తప్పు వ్రాసిన పటమును వారు స్వీకరింపరు. యంత్రమును చేర్యాల బొమ్మ యడుగుడు: ఎఱ్ఱనేల వచ్చును, పెద్దకన్నులు వచ్చును, కథ రాదు. అయినను అతిథిగృహపు గోడకు అది చాలునని కొనువాడు తలచును. కథాగానము తగ్గిననాటి నుండి నకాషీలను బ్రదికించుచున్నది ఆ గోడకు పోవు చిన్న పటములే గదా! సిద్దిపేట వాస్తవ్యుడు కాపు రాజయ్య (1925–2012) ఆ నకాషీ రేఖలను గ్రహించి తన చిత్రములకు ప్రాణము పోసెను. పాత కళనుండి నేర్చుట తప్పు కాదనుటకు ఆయనయే సాక్షి. అయితే ఆయన నేర్చినది ఒక్క జీవితముతో. నేర్చి ఆ కళకు గౌరవము తెచ్చెనే గాని, దాని ధరను పడగొట్టలేదు.

చట్టమేమనుచున్నది? 1957 నాటి మన కాపీరైటు చట్టము చిత్రమును రక్షించును, పోకడను రక్షింపదు. బాపు 2014లో గతించెను; కర్త గతించిన పిదప అరువదియేండ్లు హక్కు నిలుచును గావున ఆయన గీసిన బొమ్మకు 2074 వరకు రక్షణ గలదు. ఆ గీతకు మాత్రము నేడే రక్షణ లేదు. కంప్యూటరు పుట్టించిన కృతికి దానిని పుట్టింపజేసినవాడే కర్తయని అదే చట్టమున మాట గలదు. ఆ మాట 1994లో చేర్చిరి. అప్పటికి ఈ యంత్రములు లేవు.

2025 డిసెంబరులో కేంద్ర వాణిజ్యశాఖ క్రింది సంఘమొకటి ఒక ప్రతిపాదన వెలువరించెను. యంత్రములు నేర్చుటకు కృతులను వాడుకొనవచ్చును. వలదనుటకు కర్తకు హక్కుండదు. ప్రతిఫలము మాత్రము ఒక కేంద్ర సంస్థ ద్వారా చెల్లింపవలయును. ఇది బొత్తుగా లేనిదానికంటె మేలే. కాని సినిమాపాటల హక్కుదారులకు సంఘములున్నవి, న్యాయవాదులున్నారు. చేర్యాల నకాషీకిగాని, లారీ వెనుక తామరపూవు వ్రాయు వృద్ధునికిగాని ఏ సంఘమున్నది? పంపకపు పట్టికలో పేరు లేనివానికి ప్రతిఫలమెట్లు చేరును? హస్తకళల సంస్థలు పూనుకొని వారి కృతులను ఇప్పుడే నమోదు చేయింపవలయును. ఇదే జిల్లాలోని కందిలో హైదరాబాదు ఐ.ఐ.టి. 2019లోనే కృత్రిమ మేధలో పట్టపు తరగతి నెలకొల్పినది. అక్కడి విద్వాంసులు ఏ బొమ్మనుండి యంత్రమేమి గ్రహించినదో తేల్చు ఉపాయమును కనుగొన్నచో, నకాషీ కది పదిసభల సన్మానముకంటె మేలు.

ఈ పత్రికను చదువువారిలో కిష్టారెడ్డిపేట చుట్టుప్రక్కల భూములు గలవారు, ప్లాట్లు వేయించువారు పలువురున్నారు. ఎకరము కోట్లు పలుకు చోట, ముఖద్వారపు తోరణమునకు, కొలువుదీర్చిన గుడి గోడకు ఒక చిత్రకారుని పిలుచుట వారికి భారము కాదు. పిలిచినప్పుడు పేరు వ్రాసికొననిండు. పటాన్‌చెరు పాత గోడలపై రంగు వెలిసినచోట్ల నేటికిని మూలను చిన్న యక్షరములలో వ్రాసినవాని పేరు కనబడుచున్నది. మేము చూచిన ఆరువ్రేళ్ల యవ్వ ఫలకమున ఆ మూలను అచ్చువేసిన అంగడి ఫోను సంఖ్య మాత్రమే యున్నది.