ఆ చిన్న మాత్ర వెనుక ఎందరో అమ్మలు



వసంత పంచమి వచ్చిందంటే మన వర్గల్ సరస్వతమ్మ గుట్ట మీద అక్షరాభ్యాసాలకు క్యూ కడతారు. పలక, బలపం, బడి, ఫీజు అన్నీ ముందే చూసుకుంటాం. కానీ ఆ అక్షరాలు నేర్చుకునే మెదడు తయారవడం అమ్మ కడుపులో మొదటి నెలలోనే మొదలవుతుంది. దాని గురించి ఇళ్లల్లో మాట్లాడుకునేది తక్కువ. రెండో బిడ్డ కోసం అనుకుంటున్న తల్లిదండ్రులు, కొత్తగా పెళ్లైన చెల్లెళ్లు, మరదళ్లు ఉన్న కుటుంబాలు మన స్కూల్లో చాలా ఉన్నాయి. అందుకే ఈ నెల ఈ విషయం.

మొదటి 28 రోజులు ఎందుకు ముఖ్యం?

గర్భం నిలిచిన దాదాపు 28 రోజుల్లో, పిండంలో ఒక సన్నని పొర గొట్టంలా ముడుచుకుని మూసుకుంటుంది. దాని పై భాగం మెదడుగా, కింది భాగం వెన్నుపాముగా మారతాయి. గొట్టం సరిగ్గా మూసుకోకపోతే బిడ్డ స్పైనా బైఫిడా వంటి లోపంతో పుట్టవచ్చు. అలాంటి కొందరు పిల్లలకు నడక కష్టమవుతుంది, మూత్రం మీద అదుపు ఉండదు. లోపం తీవ్రంగా ఉంటే బిడ్డ బతకడమే కష్టం.

చాలామందికి నెల తప్పిందని తెలిసేసరికే ఈ పని దాదాపు పూర్తయిపోతుంది. అందుకే ఫోలిక్ యాసిడ్ మాత్ర గర్భం కోసం అనుకున్నప్పుడే, కనీసం ఒక నెల ముందు నుంచే మొదలుపెట్టి, మొదటి మూడు నెలలు కొనసాగించాలని డాక్టర్లు చెప్తారు. సాధారణ మోతాదు రోజుకు 400 మైక్రోగ్రాములు. ముందు కాన్పులో ఇలాంటి లోపం వచ్చినవాళ్లకు, ఫిట్స్ మందులు వాడేవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు మోతాదు వేరుగా ఉండవచ్చు. అది డాక్టరే నిర్ణయించాలి.

ఈ సంగతి ఎలా తెలిసింది?

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండ్ డాక్టర్ బొంబాయి వచ్చి, గర్భిణుల్లో వచ్చే తీవ్రమైన రక్తహీనత మీద పనిచేశారు. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల్లో ఆ జబ్బు ఎక్కువగా ఉండేది. ఈస్ట్ నుంచి తీసిన పదార్థం ఇస్తే కోలుకుంటున్నారని ఆమె 1931లో ప్రకటించారు. అందులో పనిచేసింది ఫోలేట్ అని తర్వాత తేలింది. దాన్ని 1945లో అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో కృత్రిమంగా తయారుచేశారు. అప్పుడు ఆ ల్యాబ్ పరిశోధనలకు నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు.

లోపాలను ఇది ఆపుతుందా అన్నది తేల్చడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 1983లో బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి 7 దేశాల్లో 33 కేంద్రాల్లో ఒక అధ్యయనం మొదలుపెట్టింది. అందులో చేరిన 1,817 మంది మహిళలూ అంతకు ముందు ఇలాంటి లోపం ఉన్న గర్భాన్ని చూసినవాళ్లే. సైన్స్ ప్రాజెక్టులో మన పిల్లలు రెండు కుండీలు పెట్టి ఒకదానికే ఎరువు వేసి తేడా చూస్తారు కదా, ఇదీ అలాంటిదే. ఎవరికి ఫోలిక్ యాసిడ్ అందుతుందో, ఎవరికి అందదో ముందుగా తెలియదు. అయినా వాళ్లు ఒప్పుకున్నారు. ఫలితం తెలిసిన 1,195 గర్భాల్లో 27 మందికి లోపం మళ్లీ వచ్చింది. వాటిలో 21 ఫోలిక్ యాసిడ్ అందని వాళ్లవి, 6 మాత్రమే అందిన వాళ్లవి. తేడా ఇంత స్పష్టంగా ఉండటంతో 1991లో అధ్యయనాన్ని ముందుగానే ఆపేశారు.

మన ఊళ్ల అమ్మలు కూడా

లూసీ విల్స్ కొంతకాలం కూనూరులోని పోషకాహార ల్యాబ్‌లోనూ పనిచేశారు. ఆ ల్యాబే 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. అదే ఇప్పుడు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. 1987 నుంచి 1990 వరకు ఈ సంస్థ హైదరాబాద్ దగ్గరి 29 గ్రామాల్లో ఒక అధ్యయనం చేసింది. 15 గ్రామాల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు రోజూ మొక్కజొన్న, సోయాతో చేసిన ఉప్మా అందింది. మిగతా 14 గ్రామాలకు ఆ పథకం అప్పటికి రాలేదు. ఆ కాలంలో పుట్టిన పిల్లలను 13 నుంచి 18 ఏళ్ల వయసులో మళ్లీ వెతికి పరీక్షించారు. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ ఉన్నారు, వాళ్ల రక్తనాళాల గట్టిదనం కాస్త తక్కువగా ఉంది. కడుపులో ఉన్నప్పుడు, పసితనంలో తిన్న తిండి అన్నేళ్ల తర్వాతా కనిపించిందన్నమాట. ఆ తల్లులు, పిల్లలు పరీక్షలకు ఓపిగ్గా రాకపోతే ఇది తెలిసేది కాదు.

మనల్ని అడిగితే?

ఆసుపత్రిలోనో, ఇంటికి వచ్చో "ఒక అధ్యయనంలో చేరతారా?" అని అడిగితే భయపడి తలుపు వేయనక్కర్లేదు, వెంటనే సంతకమూ పెట్టనక్కర్లేదు. ముందు ఇవి అడగండి:

• ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా? మందుల పరీక్ష అయితే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ నంబర్ ఎంత?
• వివరాల పత్రం తెలుగులో ఉందా? చదవలేని వారికి సాక్షి ముందు చదివి వినిపిస్తారా?
• నాకు, కడుపులోని బిడ్డకు ఉండే రిస్క్ ఏమిటి? ఏదైనా జరిగితే వైద్యం ఎవరిది?
• మధ్యలో మానేస్తే నా మామూలు వైద్యానికి ఇబ్బంది ఉంటుందా? ఉండకూడదు.
• నా పేరు, రిపోర్టులు ఎవరు చూస్తారు?

అధ్యయనం కోసం డబ్బు కట్టమంటే ఒప్పుకోవద్దు. ఇంట్లో అందరితో మాట్లాడుకోవచ్చు, కానీ చేరాలా వద్దా అన్న నిర్ణయం ఆమెదే. భర్త, అత్తమామలు ఆమె బదులు సంతకం పెట్టేది కాదు.

మనం చేయగల సేవ

చదువుకున్న తల్లిదండ్రులుగా మనం పక్కింటి అమ్మాయికి ఆ పత్రం చదివి అర్థం చెప్పవచ్చు. ఆశ కార్యకర్త, అంగన్‌వాడీ టీచర్ వివరాలు రాసుకోవడానికి వస్తే ఐదు నిమిషాలు కూర్చుని సరైన జవాబులు చెప్పవచ్చు. కొత్తగా పెళ్లైన వాళ్లతో ఫోలిక్ యాసిడ్ గురించి సిగ్గుపడకుండా మాట్లాడవచ్చు.

ఒక మాట మాత్రం మరువద్దు. అన్ని లోపాలనూ మాత్రతో ఆపలేం. లోపంతో బిడ్డ పుడితే ఆ తల్లిని "ఏం తిన్నావు, ఏం చేశావు" అని నిలదీయకండి. చాలా లోపాలకు కారణం ఇంకా తెలియదు. అది తెలియాలంటే ఇంకొందరు అమ్మలు, నాన్నలు ముందుకు రావాలి. వాళ్లకు తోడుగా నిలబడటం మనందరి పని.