రోగి వెంట ఇంటి గుమ్మం దాకా

విశాఖపట్నం నుంచి కోర్బా వెళ్ళే రైలు విజయనగరం, పార్వతీపురం దాటి, రాయగడ కొండలు గడిచి, రాయపూర్ మీదుగా బిలాస్‌పూర్ చేరుతుంది. ఉత్తరాంధ్ర కుటుంబాలెన్నో తరతరాలుగా బతుకుతెరువు వెదుక్కుంటూ సాగిపోయిన దారి ఇది. బిలాస్‌పూర్‌ను రైల్వే పట్టణంగా తీర్చిదిద్దినది 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే. రాయపూర్–విజయనగరం మార్గం 1931లో పూర్తయింది. 2003 నుంచి ఈ ఊరు ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానం. ఇక్కడి రైల్వే కాలనీలలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, బజారులో ఛత్తీస్‌గఢీ అప్రయత్నంగా అబ్బుతాయి.

అటువంటి ఒక ఇంటిని ఊహించుకోండి. ఇది ఏ ఒక్కరి కథా కాదు. భర్త రైల్వేలో పనిచేసి, పదవీవిరమణ పొంది, కన్నుమూశాడు. భార్యకు కుటుంబ పింఛను వస్తోంది. ముప్పై ఏళ్ళ కొడుకు కాలేజీ చదువు మధ్యలో మానివేసి గది విడిచి రావడం లేదు. ఎవరో తనను పిలుస్తున్నారంటాడు. గుళ్ళూ గోపురాలూ తిరిగారు, తాయెత్తులు కట్టించారు, చివరకు మానసిక చికిత్సాలయానికి తీసుకువెళ్ళారు. మందులతో నెమ్మదించాడు. ఇంటికి వచ్చిన మూడు నెలలకు మళ్ళీ మొదటికి వచ్చింది.

వైద్యుడు మందు మోతాదు పెంచగలడు. ఆ మూడు నెలలలో ఇంట్లో ఏం జరిగిందో మందుచీటీ చెప్పదు. అది తెలుసుకోవడానికే మరొక మనిషి కావాలి. ఆ పని నేర్చిన యువతి ఆ ఇంటికి వెళ్ళినప్పుడు తల్లి మొట్టమొదట అనే మాట, “వాడికి రోగం కాదమ్మా, ఏదో గాలి సోకింది” అని.

శిక్షణ లేనివారు ఇక్కడే వాదనకు దిగుతారు. శిక్షణ పొందిన యువతి, “కావచ్చునమ్మా. గాలి సోకిన నాటి నుంచి రాత్రిళ్ళు నిద్ర ఎలా పడుతోంది?” అని అడుగుతుంది. క్రమంగా అసలు సంగతి బయటపడుతుంది. మందు వేసుకుంటే పగలంతా మగతగా ఉంటాడు. ఇరుగుపొరుగువారు చూసి ఏమనుకుంటారో! పైగా కూతురికి సంబంధం చూస్తున్నారు. కొడుకు కుదుటపడ్డాడు కదా అని తల్లే మాత్రలు మానిపించింది. వైద్యుడు హిందీలో “మందులు ఇస్తున్నారా?” అని అడిగితే ఆమె అవునని తల ఊపింది. అది అబద్ధమనడం కంటే భయమనడం న్యాయం.

పాశ్చాత్య దేశాలలో ఈ విద్య ఆసుపత్రుల నుంచే పుట్టింది. 1905లో బోస్టన్ నగరంలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో డాక్టర్ రిచర్డ్ కాబట్, రోగుల ఇంటి పరిస్థితులు తెలియనిదే తన వైద్యం ఫలించదని గ్రహించి, సామాజిక కార్యకర్తలను నియమించాడు. 1918లో మొదటి ప్రపంచ యుద్ధంలో మనసు చెదిరిన సైనికుల కోసం స్మిత్ కళాశాల ప్రత్యేక శిక్షణ ప్రారంభించింది. ఇప్పుడు అమెరికాలో ఎం.ఎస్.డబ్ల్యూ. పట్టా పొందేలోగా కనీసం 900 గంటల క్షేత్రశిక్షణ తప్పదు. స్వతంత్రంగా చికిత్స చేయడానికి, ఆ తరువాత ఇంకా కొంతకాలం అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పనిచేసి లైసెన్సు పొందాలి.

మన దేశంలో 1936లో బొంబాయిలో సర్ దొరాబ్జీ టాటా పేరున మొదటి సోషల్ వర్క్ విద్యాలయం వెలిసింది. అదే తరువాత టాటా ఇన్‌స్టిట్యూట్‌గా ప్రసిద్ధి చెందింది. ఇక్కడి చదువుకు రెండు మెట్లు. మొదటిది రెండేళ్ళ ఎం.ఎస్.డబ్ల్యూ. ఇందులో సాధారణంగా వారానికి రెండు రోజులు ఆసుపత్రిలోనో బస్తీలోనో గడపాలి. జరిగిన సంభాషణను గుర్తున్నంత మేరకు రాసి గురువుకు చూపించాలి. ‘ఇక్కడ ఆమె మౌనం వహించింది. నువ్వెందుకు తొందరపడి మాట్లాడావు?’ అన్న ప్రశ్న ఒకటి చాలు, పుస్తకంలోని పది అధ్యాయాల పాటి చేస్తుంది. రెండవ మెట్టు సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లో ఎం.ఫిల్. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ వృత్తిని నిర్వచిస్తూ, ఎం.ఎస్.డబ్ల్యూ. మీద రెండేళ్ళ పూర్తికాలపు ఎం.ఫిల్. ను, అందులో పర్యవేక్షణతో కూడిన ఆసుపత్రి శిక్షణను అర్హతగా పేర్కొన్నది.

బిలాస్‌పూర్‌కు మొదటి మెట్టు దగ్గరే. 1983లో స్థాపితమై 2009లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ శాఖ ఉన్నది. రాష్ట్ర మానసిక చికిత్సాలయం కూడా పట్టణానికి చేరువలోనే, సేంద్రిలో ఉన్నది. పాఠం, ఆసుపత్రి ఒకే ఊరి పొలిమేరలో ఉండడం చిన్న అదృష్టం కాదు. కాని రెండవ మెట్టు కోసం చాలాకాలంగా విద్యార్థులు రాంచీకో బెంగుళూరుకో ప్రయాణం కట్టవలసివచ్చింది. రాంచీలోని కేంద్రీయ మనోరోగ చికిత్సా సంస్థ 1918 నాటిది. బెంగుళూరు నిమ్హాన్స్ ప్రస్తుత రూపం దాల్చినది 1974లో. సీట్లు బహు స్వల్పం. రైల్వే ఉద్యోగి జీతంతో మరో రెండేళ్ళు పరాయి ఊళ్ళో చదివించడం అంటే తల్లిదండ్రులు వెనుకాడడంలో వింత లేదు.

ఇంతలో మరో చిక్కు వచ్చిపడింది. 2022 నిబంధనలతో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం ఎం.ఫిల్. పట్టాను రద్దు చేసింది. క్లినికల్ సైకాలజీకి, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కు మాత్రం మినహాయింపు ఇస్తూ 2025–26 విద్యాసంవత్సరం వరకు ప్రవేశాలు అనుమతించింది. ఒక చట్టం అడిగే పట్టాను ఇంకొక నిబంధన ఎత్తివేయడం మన పరిపాలనకు కొత్త కాదనుకోండి. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం క్లినికల్, సైకియాట్రిక్, మెడికల్ సోషల్ వర్కర్లను తన పట్టికలో చేర్చడం కొంత ఊరట.

అవసరం ఎంతటిదో 2015–16లో నిమ్హాన్స్ జరిపిన జాతీయ సర్వే తెలిపింది. దేశంలోని వయోజనులలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నది. చికిత్స అందనివారు, రుగ్మతను బట్టి, 70 నుంచి 92 శాతం వరకు ఉన్నారు. ఛత్తీస్‌గఢ్ కూడా ఆ సర్వేలో చేరిన 12 రాష్ట్రాలలో ఒకటి.

తిరిగి ఆ తల్లి దగ్గరకు వద్దాం. మగత సంగతి వైద్యునికి తెలిసింది. మందు వేళ మారింది. అయినా ఆమె గుండెల మీద బరువు దిగలేదు. ఆమె అసలు భయం వేరు: “నా తరువాత వీడికి ముద్ద పెట్టేదెవరు?”

ఈ ప్రశ్నకు మనస్తత్వశాస్త్రంలో జవాబు లేదు, రైల్వే పింఛను నిబంధనలలో ఉన్నది. మానసిక వైకల్యం వలన సంపాదించుకోలేని కొడుకుకు లేదా కూతురికి, తల్లిదండ్రుల అనంతరం, వయసుతో నిమిత్తం లేకుండా జీవితాంతం కుటుంబ పింఛను పొందే అవకాశం ఉంది. తగిన వైద్యాధికారి ధ్రువపత్రం కావాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడా మానసిక వ్యాధిని వైకల్యంగా గుర్తించింది. తల్లి బతికుండగానే ఆ కాగితాలు సిద్ధం చేసుకుంటే తరువాత తిప్పలు తగ్గుతాయి.

ఆ యువతి పింఛను పుస్తకం అడుగుతుంది. తల్లి ట్రంకుపెట్టె తెరిచి, చీరల అడుగు నుంచి భర్త సర్వీసు కాగితాలు తీస్తుంది. కొన్ని ఇంగ్లీషులో, కొన్ని హిందీలో ఉన్నాయి. ఇద్దరూ చాప మీద కూర్చుని ఒక్కొక్కటే విప్పి, అందులో ఏమున్నదో తెలుగులో చెప్పుకుంటారు. గది తలుపు ఓరగా తెరుచుకుని, కొడుకు గుమ్మంలో నిలబడి వింటూ ఉంటాడు.