వారంటీ ఇచ్చేది, ఇవ్వనిది

కొత్త వస్తువు కొన్నప్పుడు దుకాణంవారు బిల్లుతోపాటు ఒక చిన్న కార్డు ఇస్తారు. ఫ్యానుకూ, మిక్సీకీ, చేతి గడియారానికీ ఇటువంటి కార్డు ఉంటుంది. దానిని వారంటీ కార్డు అంటారు. ‘ఈ వస్తువు ఇంత కాలం లోపల తయారీ లోపం వల్ల చెడిపోతే ఉచితంగా బాగుచేస్తాం, లేదా మార్చి ఇస్తాం’ అని తయారీదారు కొన్నవారికి రాసి ఇచ్చే మాట అది. ఫ్యాను చెడిపోయి దాని బదులు మరొక ఫ్యాను వస్తే లెక్క సరిపోతుంది. పాత ఫ్యానుతో ఏదో పోయిందని ఎవరూ బాధపడరు. కాని ల్యాప్‌టాప్ కంప్యూటరులో ఒక భాగం విషయంలో ఈ లెక్క సరిపోదు. మనం రాసినవి, తీసిన ఫోటోలు, రికార్డు చేసిన మాటలు అన్నీ దాచి ఉంచే భాగం అది. దాని పేరు డిస్కు.

డిస్కు చరిత్ర మరీ పాతది కాదు. 1956లో అమెరికాలోని ఐ.బి.ఎం. కంపెనీ రామాక్ అనే కంప్యూటరును విడుదల చేసింది. దాని డిస్కు యంత్రంలో 24 అంగుళాల వ్యాసం గల పళ్ళేలు 50 ఉండేవి. అది టన్నుకు పైగా బరువు తూగేది. ఇంత చేసి అందులో పట్టినవి 50 లక్షల అక్షరాలు మాత్రమే. ఇవాళ సెల్‌ఫోనుతో తీసిన రెండు మూడు ఫోటోలకు కూడా ఆ చోటు చాలకపోవచ్చు.

ల్యాప్‌టాప్‌లలో రెండు రకాల డిస్కులు కనిపిస్తాయి. మొదటిది హార్డ్ డిస్క్. అందులో అయస్కాంత పూత పూసిన నున్నని బిళ్ళలు గిరగిర తిరుగుతుంటాయి. నిమిషానికి 5400 చుట్లు తిరిగే డిస్కు సెకనుకు 90 చుట్లు తిరుగుతుందన్న మాట. ఆ బిళ్ళ మీద చదివే ముల్లు ఒకటి తేలుతూ ఉంటుంది. ముల్లుకూ బిళ్ళకూ మధ్య ఎడం కొన్ని నానోమీటర్లే. మిల్లీమీటరులో పది లక్షల వంతు ఒక నానోమీటరు. మన తల వెంట్రుక మందమే డెబ్బై ఎనభై వేల నానోమీటర్లు ఉంటుంది. అంత సన్నని ఎడంలో దుమ్ము కణం పడినా, తిరుగుతుండగా యంత్రం కింద పడినా ముల్లు బిళ్ళను గీరుతుంది. గీరిన చోట రాసి ఉన్నది పోయినట్లే.

రెండవది ఎస్.ఎస్.డి. ఇందులో తిరిగేది ఏదీ లేదు. చిన్న చిప్పులలోని కోట్లాది గదులలో విద్యుదావేశాన్ని బంధించి సమాచారాన్ని నిలుపుతారు. కింద పడితే హార్డ్ డిస్క్ అంత సులభంగా ఇది దెబ్బతినదు. అయితే ఒక్కొక్క గదిని చెరిపి రాయడానికి హద్దు ఉంది. రకాన్ని బట్టి కొన్ని వందల నుంచి కొన్ని వేల సార్ల తరువాత ఆ గది అరిగిపోతుంది. గదులన్నీ బాగున్నా, వాటిని నడిపించే చిప్పు ఒక్కటి పాడైతే చాలు, డిస్కు మొత్తం మూగబోతుంది. హార్డ్ డిస్క్ చాలాసార్లు మూలిగి మూలిగి పోతుంది. ఎస్.ఎస్.డి. చెప్పకుండానే పోవచ్చు.

మూలుగు అన్నది ఉత్తమాట కాదు. చెడిపోబోయే హార్డ్ డిస్క్ టక్ టక్‌మని ఒకే వరుసలో శబ్దం చేయడం ఉంది. ఫైలు తెరవడానికి ఎక్కువసేపు పడుతుంది, లేదా తెరుచుకోదు. ఒక్కొక్కప్పుడు యంత్రం వెలిగించగానే ‘నో బూటబుల్ డివైస్’ అనే వాక్యం తెరమీద కనిపిస్తుంది. మొదలుపెట్టడానికి డిస్కు కనబడటం లేదని దాని అర్థం. అంత మాత్రాన డిస్కు పోయిందని వెంటనే తేల్చరాదు. లోపలి కేబులు వదులైనా ఇదే వాక్యం రావచ్చు. చాలా ల్యాప్‌టాప్‌లలో తమను తాము పరీక్షించుకునే ఏర్పాటు ఉంటుంది. ఆ పరీక్షలో తప్పు సంఖ్య ఏదైనా వస్తే కాగితం మీద రాసుకోవాలి. సర్వీసు సెంటరువారు అడిగేది దానినే.

ఇక్కడ చేయకూడని పనులు కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఊళ్ళో సలహాలకు కొదవ ఉండదు. డిస్కును ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందని కొందరు చెబుతారు. బయటికి తీయగానే దానికి చెమ్మ పడుతుంది, ఉన్నదీ పోతుంది. హార్డ్ డిస్క్ మూత విప్పి చూస్తే గదిలోని దుమ్మంతా బిళ్ళల మీద వాలుతుంది. వారంటీ కూడా అక్కడితో రద్దవుతుంది. పోయిన ఫైళ్ళను వెదికే ప్రోగ్రాములను అదే డిస్కు మీదికి ఎక్కించడం, పోయినవాటి మీదనే కొత్తది రాయడం అవుతుంది. అన్నిటికంటె మేలైనది, మళ్ళీ మళ్ళీ వెలిగించకుండా ఆపివేయడం. డిస్కు ఇంకా కొంత పనిచేస్తూ ఉంటే, ఆ కాస్త సమయంలో అన్నిటికంటె ముఖ్యమైనదానిని ముందుగా వేరొక చోటికి నకలు తీసుకోవాలి. సినిమాలు, ఆటలు తరువాత.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. హోసూరు దగ్గర పల్లెలో ఒక అమ్మాయి తన అవ్వ పాడే పాటలన్నీ ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసింది అనుకుందాం. తిరగలి పాటలు, పెళ్ళి పాటలు, అక్కడి తెలుగువారు తప్ప వేరెవరూ వాడని మాటలు అందులో ఉన్నాయి. నకలు ఎక్కడా లేదు. అవ్వ ఇప్పుడు లేదు. ల్యాప్‌టాప్ కొని పది నెలలయింది, వారంటీ ఏడాది. డిస్కు చెడిపోయింది. సర్వీసు సెంటరుకు తీసుకుపోతే కొత్త డిస్కు ఉచితంగా వేస్తారు, అందులో సందేహం లేదు. కాని పాత డిస్కును కంపెనీ తీసుకుంటుంది. చాలా వారంటీ కార్డులలో ‘డిస్కులోని సమాచారానికి మా బాధ్యత లేదు’ అనే వాక్యం చిన్న అక్షరాలలో ఉంటుంది. వారంటీ వస్తువుకే గాని, అందులో దాచుకున్నదానికి కాదు.

పాటలు కావాలంటే చెడిన డిస్కును సమాచారం వెలికితీసే ప్రత్యేక ప్రయోగశాలకు పంపాలి. అక్కడ దుమ్ము లేని గదిలో డిస్కు విప్పి, పాడైన ముల్లు మార్చి చదువుతారు. ఖర్చు ఎక్కువ, దొరుకుతుందన్న హామీ లేదు. ఆ ఖర్చు మామూలు వారంటీ కిందికి రాదు. పైగా ఒకసారి విప్పిన డిస్కును కంపెనీ మార్చి ఇవ్వకపోవచ్చు. ఉన్నది ఒకే డిస్కు, దారులు రెండు. కాబట్టి డిస్కును అప్పగించే ముందే నిర్ణయం జరగాలి. ప్రయోగశాలలో విప్పించినా మార్చి ఇస్తారా, కొంత సొమ్ము కట్టి పాత డిస్కును ఉంచుకోవచ్చా అని కంపెనీని అడగవచ్చు. జవాబు నోటిమాటగా కాక రాతలో తీసుకోవాలి. అవ్వ పాటలే ముఖ్యమనుకుంటే కొత్త డిస్కు సొంత డబ్బుతో కొనుక్కోవడం నష్టమేమీ కాదు.

పాడైన డిస్కులో ఎంత మిగిలి ఉంటుందో చెప్పడానికి ఒక గొప్ప నిదర్శనం ఉంది. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా అంతరిక్ష నౌక భూమికి తిరిగివస్తూ ఆకాశంలో ముక్కలైపోయింది. మన దేశంలో పుట్టిన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించారు. నేలమీద పడిన శకలాలలో మాడిపోయిన ఒక హార్డ్ డిస్క్ దొరికింది. జెనాన్ వాయువు మీద అంతరిక్షంలో చేసిన ప్రయోగం ఫలితాలు అందులో ఉన్నాయి. నిపుణులు దానిని శుభ్రం చేసి దాదాపు మొత్తం చదవగలిగారు. ఆ ఫలితాలు 2008లో పరిశోధన పత్రికలో అచ్చయ్యాయి. అంతటి అదృష్టం ప్రతి డిస్కుకూ పట్టదు.

నకలు తీసిపెట్టుకున్నవారికి ఈ బాధ లేదు. ఈ తెలివి మనవారికి కొత్తదీ కాదు. తాటాకు పుస్తకం పురుగు పట్టి, చెమ్మ తగిలి కాలక్రమాన శిథిలమవుతుంది. అందుకే లేఖకులు పాత ప్రతిని చూసి కొత్త ప్రతి రాస్తూ వచ్చారు. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ కడపలో పండితులకు జీతాలిచ్చి ఎన్నో తెలుగు కావ్యాలకు శుద్ధప్రతులు రాయించాడు. తంజావూరు సరస్వతీ మహలులో నేటికీ తెలుగు తాళపత్రాలు భద్రంగా ఉన్నాయి. కంప్యూటరు వాడేవారు ఇదే పద్ధతికి ఒక లెక్క పెట్టుకున్నారు: మొత్తం మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే ఊళ్ళో. మామూలు నాణ్యతతో గంటసేపు పాటలు రికార్డు చేస్తే సుమారు 60 మెగాబైట్లు అవుతుంది. 32 గిగాబైట్ల పెన్‌డ్రైవులో అటువంటివి 500 గంటలు పడతాయి. అది బెంగళూరులోని పిన్ని ఇంట్లో ఉన్నా చాలు. పెన్‌డ్రైవు కూడా శాశ్వతం కాదు గనుక ఏడాదికొకసారి తెరిచి చూస్తుండాలి.

ఇక సర్వీసు సెంటరు సంగతి. ల్యాప్‌టాప్ మీద ఒక కంపెనీ పేరు, లోపలి డిస్కు మీద మరొక కంపెనీ పేరు ఉండడం మామూలే. యంత్రంతోపాటే వచ్చిన డిస్కుకు ల్యాప్‌టాప్ కంపెనీయే జవాబుదారీ. తరువాత విడిగా కొని బిగించుకున్న డిస్కుకు దానిని తయారుచేసిన కంపెనీ. వెళ్ళేటప్పుడు బిల్లు, వారంటీ కార్డు, యంత్రం అడుగున ఉండే సీరియల్ నంబరు కావాలి. యంత్రం తీసుకున్నవారు జాబ్‌షీటు అనే కాగితం ఇస్తారు. దాని మీద తేదీ, సీరియల్ నంబరు, ఏమి చెడిందన్నది స్పష్టంగా ఉన్నదా అని చదివి సంతకం చేయాలి. భాష అర్థం కాకపోతే చదివి చెప్పమనడంలో చిన్నతనం లేదు. కింద పడి పగిలినా, నీళ్ళు పోసినా మామూలు వారంటీ వర్తించదు. మార్చి ఇచ్చిన డిస్కుకు సాధారణంగా మొదటి వారంటీలో మిగిలిన కాలమే వర్తిస్తుంది. 2025 జనవరి 10న ఏడాది వారంటీతో కొన్న యంత్రానికి నవంబరులో డిస్కు మార్చినా గడువు 2026 జనవరిలోనే తీరుతుంది. కొన్ని కంపెనీలు కొద్ది నెలలు అదనంగా ఇస్తాయి, ఆ సంగతి కార్డులోనే ఉంటుంది.

వారంటీ ఉండి కూడా కంపెనీ మార్చి ఇవ్వకపోతే? దీనికి చట్టం ఉంది. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019లో కొత్త చట్టం చేశారు. అది 2020 జూలైలో అమలులోకి వచ్చింది. మొదట 1915 అనే నంబరుకు ఫోను చేయవచ్చు. అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం, తెలుగులో కూడా మాట్లాడవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. వెల 50 లక్షల రూపాయల వరకు ఉన్న వస్తువుల ఫిర్యాదులు అక్కడ తీసుకుంటారు. వెల 5 లక్షలు దాటకపోతే రుసుము లేదు. వివాదం పుట్టిన రెండేళ్ళలోగా ఫిర్యాదు చేయాలి.

సరిహద్దు జిల్లాలలో ఉండేవారికి కొత్త చట్టంలో ఒక మేలు ఉంది. పూర్వం కంపెనీగాని దుకాణంగాని ఉన్న చోటనో, వివాదం పుట్టిన చోటనో ఫిర్యాదు చేయవలసి వచ్చేది. ఇప్పుడు కొన్నవారు నివసించే చోట కూడా చేయవచ్చు. హోసూరువారు బెంగళూరులో ల్యాప్‌టాప్ కొన్నా కృష్ణగిరి జిల్లా కమిషన్‌కు వెళ్ళవచ్చు. కమిషన్ లోపాన్ని సరిచేయమని, వస్తువు మార్చమని, సొమ్ము వాపసు ఇవ్వమని, నష్టపరిహారం కట్టమని ఆదేశించగలదు. ఫిర్యాదుతోపాటు బిల్లు, వారంటీ కార్డు, జాబ్‌షీటు, కంపెనీకి రాసిన ఉత్తరాలు జతచేయాలి. ఇవన్నీ నకళ్ళే ఇవ్వాలి, అసలు కాగితాలు ఇంట్లో ఉంచుకోవాలి.