ముందద్దం పగిలింది... కంపెనీదా, బయటిదా?

ప్రొద్దుటూరు: ఎర్రగుంట్ల, ముద్దనూరు, జమ్మలమడుగు దారుల్లో నాపబండల లారీలు, సిమెంటు లారీలు, థర్మల్ కేంద్రం బూడిద మోసే బండ్లు రేయింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి. వాటి జంట టైర్ల సందున ఇరుక్కున్న కంకరరాయి ఎప్పుడు ఊడి ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. వెనక వచ్చే కారు ముందద్దం మీద 'టిక్' మని ఒక్క చప్పుడు. బండి ఆపి చూస్తే సెనగగింజంత గుంట. ఇంతే కదా అని ఊరుకుంటే రెండు రోజుల్లో అది జానెడు గీత అవుతుంది. కడప ఎండకు కాగిన అద్దం మీద బకెట్టు చన్నీళ్లు కొట్టినా, కాగిన కారులో ఒక్కసారిగా ఏసీ పెంచినా ఆ గీత ఈ కొస నుంచి ఆ కొసకు పాకుతుంది.

అద్దం మార్చక తప్పదని తేలాక అసలు తిప్పలు మొదలవుతాయి. షోరూం వారు కంపెనీ అద్దమే వేయాలంటారు. బజారులో అద్దాల షాపు వారు అదే అద్దం తమ దగ్గర ఇంకా తక్కువకు వస్తుందంటారు. పక్కింటాయన డూప్లికేటు వేయిస్తే వానాకాలంలో నీళ్లు కారతాయని భయపెడతాడు. పులివెందుల వైపు చీనీ తోట, అరటి తోట పనుల మీద తిరిగే రైతుకైనా, ప్రొద్దుటూరులో కారు బాడుగకు తిప్పుకొని బతికే డ్రైవరుకైనా ఇది వేల రూపాయల ప్రశ్న. బండి నిలిచిపోయిన రోజుల నష్టం దానికి అదనం.

కార్ల కంపెనీ అద్దం తయారుచేయదు

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కార్లు చేసే కంపెనీలు అద్దాలు చేయవు. అద్దాల ఫ్యాక్టరీల నుంచి కొని బిగిస్తాయి. మన దేశంలో ఆసాహి ఇండియా, సెయింట్ గోబెయిన్ సెక్యూరిట్ ఈ వ్యాపారంలో పేరున్నవి. ఇవి కార్ల కంపెనీలకూ సరఫరా చేస్తాయి, బయట మార్కెట్టులోనూ అమ్ముతాయి. కారు కంపెనీకి పోయే అద్దం మూలన ఆ కంపెనీ గుర్తు కూడా ఉంటుంది. బజారుకు వచ్చే దాని మీద అద్దం చేసినవారి గుర్తు మాత్రమే ఉంటుంది. కాబట్టి 'బయటి అద్దం' అనగానే నాసిరకమని తీర్మానించనక్కరలేదు. అదే చేతితో తయారైనదీ కావచ్చు, ఎవరు చేశారో తెలియనిదీ కావచ్చు. రెండింటినీ ఒకే గాటన కట్టడంలోనే పొరపాటు ఉంది.

ఈ తగవు ఢిల్లీ దాకా వెళ్లింది కూడా. విడిభాగాలను బయట మార్కెట్టుకు రానీయకుండా అడ్డుకుంటున్నారంటూ 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు రెండున్నర వేల కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. విడిభాగాలు బయట కూడా దొరకాలని, బయటి మెకానిక్కులకు అవసరమైన సమాచారం అందాలని ఆదేశించింది. కంపెనీలు అప్పీళ్లకు పోయాయి. అయినా బండి కొన్నవాడికి ఎక్కడ మరమ్మతు చేయించుకోవాలో ఎంచుకునే హక్కు ఉండాలన్న మాట ఆ తీర్పుతో గట్టిపడింది.

మూలన ఉన్న ముద్ర చూడాలి

ముందద్దం ఒక అద్దం కాదు, రెండు. నడుమ పి.వి.బి. అనే పలుచని ప్లాస్టిక్ పొర పెట్టి వేడితో, ఒత్తిడితో అతికిస్తారు. పగిలినా పెంకులు ఆ పొరకే అంటుకొని ఉంటాయి, మొహం మీదికి రావు. 1903లో బెనెడిక్టస్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడి చేతి నుంచి గాజు కుప్పె జారిపడింది. లోపల ఎండి గట్టిపడిన ద్రావణం పొర ఉండటంతో పగిలింది గాని చెదిరిపోలేదు. ఆ సంఘటనే ఈ అద్దానికి మూలమని చెబుతారు.

పక్క అద్దాలు సాధారణంగా వేరే రకం. అవి గట్టిపరచిన ఒంటి అద్దాలు. దెబ్బ తగిలితే మొత్తం పటికబెల్లం ముక్కల్లా రాలిపోతాయి. వెనకటి అంబాసిడర్లకూ, లారీలకూ ముందు కూడా ఇలాంటివే ఉండేవి. రాయి తగిలితే అద్దమంతా ఒక్కసారిగా తెల్లబడి దారి కనబడక డ్రైవరు తల బయటపెట్టి నడిపేవాడు. ఆ బాధ పోవడానికే కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 100వ నిబంధన ముందద్దం పొర అద్దమే కావాలంటున్నది. వ్యవసాయ ట్రాక్టర్లకు, ద్విచక్ర వాహనాలకు దీని నుంచి మినహాయింపు ఉంది. ముందద్దం గుండా కనీసం 70 శాతం వెలుతురు లోపలికి రావాలని కూడా నిబంధన ఉంది.

కనుక షాపులో డబ్బు కట్టేముందు అద్దం కింది మూల చూడాలి. తయారుచేసినవారి పేరు, లామినేటెడ్ అన్న మాట, ఐ.ఎస్. 2553 అన్న ప్రమాణం సంఖ్య, ఐ.ఎస్.ఐ. గుర్తు అద్దంలోనే చెక్కి ఉండాలి. అంటించిన కాగితం స్టిక్కరు ముద్ర కిందికి రాదు. ఇవి లేని అద్దాన్ని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. తరువాత ఆ అద్దాన్ని నిలబెట్టి వెనక నుంచి ఒక తిన్నని కడ్డీనో, కరెంటు స్తంభాన్నో చూడాలి. తల అటూ ఇటూ కదిపినప్పుడు స్తంభం వంకరలు పోతే ఆ అద్దం వద్దు. రాత్రిపూట ఎదురు లైట్ల వెలుతురులో ఆ వంకరలే కళ్లను పీకుతాయి. గంటల తరబడి బండి నడిపేవారికి తలనొప్పి అక్కడి నుంచే వస్తుంది.

ఆటోలకు, పాత బండ్లకు కిటికీ అద్దం కోసి బిగించడం మాత్రం ప్రాణాలతో చెలగాటం. మామూలు కిటికీ అద్దం పగిలితే కత్తుల్లా చీలుతుంది. నాలుగు వందలు మిగిలాయన్న సంతోషం ఒక్క బ్రేకుతో పోతుంది.

బిగించే చేయి ముఖ్యం

అద్దం ఎక్కడిదని వంద ప్రశ్నలు వేసేవారు దాన్ని ఎవరు, దేనితో అంటిస్తున్నారని ఒక్కటీ అడగరు. నిజానికి నీళ్లు కారేది చాలాసార్లు అద్దం వల్ల కాదు, అతుకు వల్ల.

పాత బండ్లలో అద్దం చుట్టూ రబ్బరు పట్టీ ఉండేది. తాడు పెట్టి లాగి అరగంటలో ఎక్కించేవారు. ఇప్పటి కార్లలో అద్దాన్ని యురేథేన్ అనే జిగురుతో బాడీకి అతికిస్తారు. అది బండి బలంలో ఒక భాగం. కారు పల్టీ కొడితే పైకప్పు కుంగకుండా కొంత ఆపేది ఈ అద్దమే. ఎడమ వైపు కూర్చున్నవారి ఎయిర్‌బ్యాగు అనేక కార్లలో విచ్చుకుంటూ ముందద్దానికి ఆనుకొనే నిలుస్తుంది. జిగురు సరిగా పట్టకపోతే ఆ ఒత్తిడికి అద్దమే ఊడి ముందుకు పోతుంది. కంపెనీ అద్దమైనా సరే, అతుకు వదులైతే అంతే.

పాత అద్దం కోసేటప్పుడు కత్తి తగిలి ఫ్రేము మీద రంగు లేచిపోతే అక్కడ ప్రైమరు పూయాలి. పూయకపోతే తుప్పు పడుతుంది, ఆ తుప్పు మీద జిగురు నిలవదు. జిగురు ట్యూబు మీద గడువు తేదీ ఉంటుంది, దాన్ని అడిగి చూడటంలో తప్పులేదు. అద్దం అంచుల్ని ఒట్టి చేతులతో పట్టుకుంటే చేతి జిడ్డు అంటి అతుకు చెడుతుంది. పని ముగిశాక ఎంతసేపు బండి కదిలించకూడదో జిగురును బట్టి ఉంటుంది. కొన్నింటికి గంట చాలు, కొన్నింటికి సగం రోజు కావాలి. "వెంటనే పోవచ్చన్నా" అనే షాపు కంటే "సాయంత్రం రాండి" అనే షాపును నమ్మడం మేలు. ఆ రోజంతా కిటికీ ఒకటి రెండు వేళ్లంత దించి ఉంచాలి, తలుపులు దబాలున వేయరాదు. ఒకటి రెండు రోజులు నీటి పంపుతో కడిగించవద్దు.

కెమెరా ఉన్న బండైతే

ఈ మధ్య వస్తున్న కొన్ని కార్లలో లోపలి అద్దం వెనక, ముందద్దానికి ఆనించి కెమెరా ఉంటుంది. ముందు బండి దగ్గరపడితే హెచ్చరించేది, తానే బ్రేకు వేసేది దాన్ని చూసే. అద్దం మార్చాక ఆ కెమెరాను మళ్లీ సరిచేసే యంత్రాలు ఉన్నచోటే పని చేయించాలి. అద్దం వంపులో చిన్న తేడా ఉన్నా కెమెరాకు దారి తప్పుగా కనబడుతుంది. వాన పడితే వైపర్లు తామే తిరిగే బండ్లదీ దాదాపు ఇదే కథ, సెన్సారు కూర్చునే బిళ్ల సరిగా కుదరాలి. ఇలాంటి బండికి కడపకో, తిరుపతికో పోవలసి వచ్చినా కంపెనీ అద్దమే వేయించడం మంచిది. ఈ హంగులేవీ లేని ఎనిమిదేళ్ల చిన్నకారుకు మాత్రం పేరున్న ఫ్యాక్టరీ ముద్ర ఉన్న బయటి అద్దం చాలు. షోరూం గుర్తు కోసమని అదనంగా పెట్టడం అనవసరం.

ఇన్సూరెన్సు లెక్క

ఇన్సూరెన్సు ఉందిగదా అని వెంటనే క్లెయిము పెట్టేవారు కాగితం మీద లెక్క వేసుకోవాలి. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే అద్దానికి పైసా రాదు. పూర్తి పాలసీ ఉంటే అద్దం మీద తరుగుదల కోయరు. అయితే 1500 సీసీ లోపు కారుకు వెయ్యి రూపాయలు, ఆ పైన రెండు వేలు యజమానే భరించాలి.

అసలు దెబ్బ నో క్లెయిమ్ బోనస్‌లో ఉంది. అయిదేళ్లు క్లెయిము లేకుండా వచ్చినవారికి సొంత నష్టం ప్రీమియంలో 50 శాతం తగ్గింపు ఉంటుంది. ఆ ప్రీమియం తగ్గింపుకు ముందు పది వేలనుకుందాం. అద్దం ఖర్చు ఎనిమిది వేలయితే కంపెనీ ఇచ్చేది ఏడు వేలు. మరుసటి ఏడాది తగ్గింపు మొత్తం పోతుంది, అంటే అయిదు వేల నష్టం. ఆ తరువాత 20, 25, 35, 45 శాతాల మెట్లు మళ్లీ ఎక్కాలి. ప్రీమియం అలాగే ఉందనుకుంటే ఆ నాలుగేళ్లలో వరుసగా మూడు వేలు, రెండున్నర వేలు, పదిహేను వందలు, అయిదు వందలు పోతాయి. ఏడు వేలు తీసుకొని పన్నెండున్నర వేలు పోగొట్టుకున్నట్లు. బోనస్ పోకుండా ప్రత్యేక రక్షణ కొన్నవారికి ఈ లెక్క వర్తించకపోవచ్చు. కొన్ని పాలసీల్లో అద్దాల క్లెయిముకు బోనస్ తగ్గించరు కూడా. ఆ షరతులు పాలసీలోనే రాసి ఉంటాయి. క్లెయిము పెట్టదలిస్తే మాత్రం అద్దం విప్పకముందే కంపెనీకి తెలపాలి, ఫొటోలు తీసి ఉంచాలి.

రూపాయి బిళ్లకంటే చిన్న గుంట, డ్రైవరు చూపుకు ఎదురుగా లేనిదైతే, రెజిన్ అనే ద్రవం నింపి గట్టిపరిచే పని ఉంది. కొత్త అద్దంతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. అయితే గుంటలోకి దుమ్ము, నీరు పోకముందే చేయించాలి. అందుకని రాయి తగిలిన వెంటనే దానిపై పారదర్శకమైన టేపు ముక్క అంటించి షాపుకు పోవాలి. అంచు దాకా పాకిన గీతకు ఈ వైద్యం పనిచేయదు.

పాత అద్దంతోపాటు ఫాస్టాగ్ కూడా పోతుంది. దాన్ని ఒలిచి కొత్త అద్దానికి అంటిస్తే పనిచేయదు. టోల్‌గేటు మీదుగా ప్రయాణం ఉన్నవారు ట్యాగు ఇచ్చిన బ్యాంకుకు ముందే తెలిపి, మారుగా కొత్తది తీసుకోవాలి.