పెద్దపేగుకు అడ్డు పడితే ఆముదం వద్దు

ఇంట్లో ఎవరికైనా దొడ్డికి రాకపోతే ఏం చేస్తాం? "కాస్త ఆముదం తాగు, అదే పోతుంది" అంటాం. కానీ అక్కలారా, అన్నిసార్లూ అలా చేయకూడదు. ఎందుకో తెలుసుకుందాం.

మనం తిన్న అన్నంలోని సారాన్ని చిన్నపేగు తీసుకుంటుంది. మిగిలిన పిప్పి పెద్దపేగులోకి వస్తుంది. పెద్దపేగు సుమారు 5 అడుగుల పొడవు ఉంటుంది. అది పిప్పిలోని నీటిని పీల్చుకుంటుంది. చివరకు మిగిలేదే మలం.

పొలం కాలువకు మట్టిపెళ్ళ అడ్డం పడిందనుకోండి. నీళ్ళు వెనక నిండిపోతాయి. గట్టు తెగుతుంది. పేగులో అడ్డు పడినా ఇంతే.

అడ్డు ఎందుకు పడుతుంది?

పేగులో క్యాన్సరు గడ్డ పెరగవచ్చు. పేగు తాడులా మెలి పడవచ్చు. మంచాన పడ్డ ముసలివాళ్ళకు మలం రాయిలా గట్టిపడి దారి మూసుకుపోవచ్చు.

ఎలా గుర్తుపట్టాలి?

కడుపు డప్పులా ఉబ్బుతుంది. నొప్పి వచ్చి, తగ్గి, మళ్ళీ వస్తుంది. దొడ్డికి రాదు. కింది నుంచి గాలి కూడా పోదు. తర్వాత వాంతులు అవుతాయి. కొందరికి అడ్డు సగమే ఉంటుంది. అప్పుడు కొంచెం గాలి పోవచ్చు. అయినా నొప్పి, ఉబ్బరం ఉంటే ఊరుకోవద్దు.

ఏం చేయాలి?

ఆముదం తాగించవద్దు. విరేచనాల మాత్రలు ఇవ్వవద్దు. కడుపు పిసకవద్దు. దారి మూసి ఉన్నప్పుడు వెనక నుంచి నెడితే పేగు పగలవచ్చు. అప్పుడు ప్రాణానికే ముప్పు. తిండి, నీళ్ళు కూడా పెట్టవద్దు. 108కి ఫోన్ చేసి, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

అక్కడ ఎక్స్‌రే, స్కానింగు తీస్తారు. సెలైను ఎక్కిస్తారు. మెలి పడితే కింది నుంచి గొట్టం పంపి సరిచేయడానికి చూస్తారు. కుదరకపోతే ఆపరేషను చేస్తారు.

సిగ్గు పడవద్దు

మలంలో రక్తం పడుతోందా? కొన్ని వారాలుగా దొడ్డికి వెళ్ళే తీరు మారిందా? ఊరికే చిక్కిపోతున్నారా? మనం ఆడవాళ్ళం ఈ మాట ఇంట్లో కూడా చెప్పం. మూలశంక అనుకుని సర్దుకుంటాం. అలా వద్దు. డాక్టరుకు చెప్పండి. గడ్డ ఉంటే, చిన్నగా ఉన్నప్పుడే తీసేయవచ్చు.

చదివారు కదా! ఇప్పుడు చెప్పండి:
1. పేగుకు అడ్డు పడినప్పుడు ఆముదం ఎందుకు తాగించకూడదు?
2. ఏ గుర్తులు కనిపిస్తే ఆసుపత్రికి పోవాలి?